తెల్లచొక్కా, పికప్పు

మామిడితోటల చెంగల్రాయులు ఇంటి ముందు రెండు బండ్లు ఉంటాయి. పికప్పు చిత్తూరు మండీకి కాయలు మోస్తుంది గానీ, వాన పడితే వంకలో దిగబడుతుంది. జీపు ఏ గుట్టనైనా ఎక్కుతుంది గానీ, నాలుగు గంపలకే నిండిపోతుంది. ఏది తీసుకుపోయినా, రెండోది తెచ్చుంటే బాగుండేదని దారి పొడవునా గొణుక్కుంటూ స్టీరింగును అరచేత్తో కొడుతుంటాడు. అసలు జీపు కొన్నది కాయల కోసం కాదు. నిరుడు పూతలపట్టులో చుట్టాల పెండ్లికి ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని పికప్పులో పోతే, మంటపం గేటు కాడి మనిషి ఈల వేసి, "కూరగాయల బండి ఎనక్కి పోనీప్పా, వంటశాల ఆడుండాది" అన్నాడు. ఆ మాట మళ్ళీ పడకూడదనే జీపు కొన్నాడు.

ఈ ఏడు అదే మంటపంలో, తమ్ముడి వరసయ్యే మునిప్రసాద్ కూతురి పెండ్లికి జీపులో దిగాడు. గేటు మనిషి సలాం కొట్టాడు. మునిప్రసాద్ మాత్రం బండిని చూసి తల పట్టుకున్నాడు. "పికప్పు తెస్తావనుకుంటిమే అన్నా! గ్యాసుబండలు అంగట్లోనే ఉండాయి, ఇంకా పొయ్యే ఎలిగించలా."

చెంగల్రాయులు పళ్ళు కొరుక్కుంటూ ఇంటికి తిరిగాడు. గ్యాసుబండలు వేసుకుని వచ్చిన పికప్పును, గేటు మనిషి ఈల నోట పెట్టుకోకముందే, తనే వంటశాల వైపు తిప్పాడు.