చదవకుండా వదులుకున్న అభ్యంతరం

2022. నర్సీపట్నం మెజిస్ట్రేట్ కోర్టులో వాయిదాల రోజు. నా చంకలో పదకొండు కేసుల ఫైళ్లు, కడుపులో ఒక్క ఇడ్లీ. ఇరవై ఏళ్ల ప్రాక్టీసు ఉందని అప్పట్లో నాకు కాస్త గీర కూడా ఉండేది.

కోటవురట్ల దానియేలుది ఆటో కేసు. అతని ఆటో గుద్ది ఒక ముసలావిడ చనిపోయింది. ఆ పూట బండిని అద్దెకు తీసుకుని నడిపినవాడు గుద్దగానే పరారయ్యాడు. కేసు యజమాని మీద పడింది. శిక్ష పడితే జైలు తప్పదు, లైసెన్సూ పోతుంది. మా డిఫెన్సు అంతా ఒక్కటే: నడిపింది ఇతను కాదు.

సాక్షి వచ్చే ఆ రోజునే దానియేలు భార్యకు నొప్పులు మొదలయ్యాయి. రాలేనని ఫోన్ చేశాడు. అలాంటప్పుడు ముద్దాయి గైర్హాజరీని మన్నించమని అబ్సెంట్ పిటిషన్ వేస్తాం. దాని నమూనా మా గుమాస్తా కంప్యూటర్లో ఏళ్ల తరబడి ఉంది. “ముద్దాయి గుర్తింపుపై వివాదం లేదు. అతను లేకుండా సాక్ష్యం నమోదు చేయడానికి అభ్యంతరం లేదు.” చదవకుండానే సంతకం గీకేశాను.

బోనెక్కిన సాక్షి, ఆటో గుద్దిన చోట టిఫిన్ బండి పెట్టుకునే ఆయన, “దానియేలే నడిపేడండి” అన్నాడు. నేను లేచి “మొహం చూశావా?” అని అడిగానో లేదో, మెజిస్ట్రేట్ గారు నా పిటిషన్ పైకెత్తి చూపించారు.

“గుర్తింపుపై వివాదం లేదని మీరే రాసిచ్చారు కదండీ?”

నేను కూర్చోవాల్సి వచ్చింది. సాక్షి దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం దానియేలు మిఠాయి పొట్లంతో ఆఫీసుకొచ్చాడు. ఆడపిల్ల పుట్టిందట. జరిగింది దాచకుండా చెప్పాను. అతను కేకలెయ్యలేదు.

“నాను కాదని మీకు తెలుసు గదండీ. మరి అలాగెలా రాసేసేరు బాబూ?”

సిగ్గుతో చచ్చిపోయాను.

సాక్షిని మళ్లీ పిలిపించమని రీకాల్ పిటిషన్ వేశాను. తప్పు నాదేనని అఫిడవిట్‌లో రాశాను. “పరువు తీసుకోడానికి నీకు వేరే దారి దొరకలేదా?” అన్నారు తోటి ప్లీడర్లు. ఆర్డరు వచ్చేదాకా మూడు వారాలు అన్నం సయించలేదు. కొట్టేస్తే ఆ పసిగుడ్డు తండ్రిని నా చేతులతో నేనే జైలుకు పంపినట్టు.

పిటిషన్ ఒప్పుకున్నారు. సాక్షి మళ్లీ బోనెక్కి దానియేలును ఎగాదిగా చూశాడు. ఇతనే అనేస్తాడేమోనని నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

“ఈ బాబు కాదండి. ఆడు సన్నంగుంటాడు, మీసాల్లేవు.”

“మరి మొదటిసారి ఇతని పేరెందుకు చెప్పావు?” అని మెజిస్ట్రేట్ గారు గద్దించారు.

“బండి దానియేలుదని అందరూ అన్నారండి. ఆ రోజు మనిషిని నాకు సూపిత్తే గదండీ!”

కేసు కొట్టేశారు.

కోర్టు సమయం ఆదా కావాలని చిన్నాచితకా అభ్యంతరాలు మేం రోజూ వదులుకుంటాం. కానీ ఆ అభ్యంతరం దానియేలు సొత్తు. అతణ్ణి అడగకుండా నేను ధారపోశాను. ఆ నమూనాను గుమాస్తా చేత అప్పుడే తీయించేశాను.

మొన్న ఏదో ఇన్సూరెన్సు కాగితం పని మీద దానియేలు వచ్చాడు. అలవాటుగా సంతకానికి పెన్ను కోసం చెయ్యి చాపాను. అతను పెన్ను తన జేబులోనే ఉంచుకుని, నవ్వుతూ కాగితం మాత్రం ఇచ్చాడు.

“ముందు సదవండి బాబూ.”