ముందుకు తోస్తే వెనక్కి వచ్చిన ఇంజను

1987 జూన్‌లో నన్ను కోల్‌కతా పక్కనున్న సంత్రాగాఛి సెక్షన్‌కి గ్రేడ్ టూ సిగ్నల్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. సిగ్నల్ ఇన్‌స్పెక్టర్ రైలు నడపడు, జెండా ఊపడు. ఎర్రదీపం వెలగవలసిన చోట వెలిగేలా, పట్టాలు మళ్లవలసిన చోట మళ్లేలా చూడటమే అతని పని. దీపం సరిగ్గా వెలిగినన్నాళ్లూ మా పేరు ఎవరికీ తెలియదు. ఆరిన రోజున డివిజను మొత్తానికీ తెలుస్తుంది.

జూలైలో మా డివిజనల్ సిగ్నల్ ఇంజనీరు భాదురీ సాబ్ నన్ను గదికి రమ్మన్నారు. ఆయనకీ నాకూ మధ్య ఇంకా ఇద్దరు అధికారులున్నారు. వాళ్లను దాటి నేరుగా పిలిచారంటే ఎక్కడో ఏదో ఘోరం జరిగిందని అర్థం. నేను ఫెయిల్యూర్ రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లాను. ఆయన దాని వంక చూడలేదు. "దేవదానం, నీకు బల్ల చేయడం వచ్చా?" అని అడిగారు.

సంగతి ఇది. ఆయన బావమరిది శోము బాబు ఓడలో ఇంజనీరు. జర్మనీ రేవులో ఒక బొమ్మ రైలు కొని తెచ్చాడు. ఇంజను అరచేతిలో పడుతుంది. రెండు పట్టాల్లోకి పన్నెండు వోల్టుల కరెంటు ఇస్తే అది చక్రాల మీదుగా ఇంజనులోని మోటారుకు అంది బండి నడుస్తుంది. భాదురీ సాబ్‌కు మరుసటి ఏడు రిటైర్మెంటు. నది అవతల గార్డెన్ రీచ్‌లో ఆయన క్వార్టర్సు ముందుగదిలో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల, దాని మీద గుండ్రంగా లైను, కింద వైరింగు. సెప్టెంబరులో యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజ నాటికి సిద్ధం కావాలి.

నా ఇబ్బంది వేరు. అక్టోబరులో గ్రేడ్ వన్ సెలక్షన్ ఉంది. రాతపరీక్ష పాసయ్యాను, ఇంటర్వ్యూ మిగిలింది. బోర్డులో ముగ్గురు సభ్యులు, అందులో ఒకరు భాదురీ సాబ్. ఈసారి తప్పితే మళ్లీ సెలక్షన్ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, నా జూనియర్లు నన్ను దాటిపోతారు. బల్ల చేయనంటే ఆయనకు కోపం రావచ్చు. చేస్తే అది ఒక రకం లంచం. ఈ చిక్కును నేను ఏసుపాదం ముందు పెట్టాను.

ఏసుపాదం గురించి చెప్పాలి. విజయనగరం వైపు నుంచి తండ్రితో వచ్చి, ఖలాసీగా చేరి, సిగ్నల్ మెయింటెయినర్ అయ్యాడు. సోమవారం నుంచి శనివారం దాకా నా కింద పనిచేసేవాడు, నన్ను "ఇనస్పెట్రు బాబూ" అనేవాడు. ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో అతను పెద్ద, నేను పాటల బృందంలో వెనక వరస. ఆ రోజు నేను అతన్ని "పెద్దయ్యా" అనేవాణ్ని, అతను నన్ను "దేవదానం" అని పేరు పెట్టి పిలిచేవాడు. ఈ ఏర్పాటు ఇద్దరికీ అలవాటే. ఎవరూ ఏనాడూ పొరబడలేదు.

ఆరాధన అయ్యాక మెట్ల మీద అడిగాను. అతను వేదాంతం లోతుల్లోకి వెళ్లలేదు.

"బల్ల సెయ్యడం పాపమేటి? మన పెబువు సేసిన పనే గదా అది."

"మరి సెలక్షన్?"

"నువ్వడక్కు. ఆయన సెప్పొచ్చినా ఇనకు. రైల్వే కర్రముక్క గానీ తీగముక్క గానీ ఆ బల్లకి తగలకూడదు. డూటీ టయిములో మనం ఆ గుమ్మం తొక్కకూడదు. అంతే."

అలాగే చేశాం. శనివారాలు డ్యూటీ దిగాక బొటానికల్ గార్డెన్ రేవులో లాంచీ ఎక్కి, కర్రలూ రంపమూ పట్టుకుని నది దాటేవాళ్లం. లాంచీలో జనం మమ్మల్ని పాడె కట్టడానికి పోతున్నవాళ్లలా చూసి చోటిచ్చేవారు.

బల్ల పని ఏసుపాదానిదే. నదిగాలికి కర్ర ఉబ్బుతుంది, వంకర పోతుంది. వంకర పోయిన బల్ల మీద చిన్న బండి పట్టాలు తప్పుతుంది. అందుకని ఆరిన టేకు బద్దెలు తెచ్చి చిత్రిక పట్టి, అడుగడుగుకూ అడ్డబద్దె వేసి, మేకులు కాకుండా మరలు బిగించి పైన ప్లైవుడ్ పరిచాడు. ఆ గది నేల ఒక పక్కకు వాలి ఉండేది. ప్రతి కాలి కిందా ఒక బోల్టు పెట్టి, రసమట్టం చూసుకుంటూ తిప్పి బల్లను సమం చేశాడు. భాదురీ సాబ్ దాని మీద గోళీ పెట్టి చూశారు. గోళీ కదల్లేదు. పెద్ద స్టేషను ప్రారంభించినంత సంతోషపడ్డారు.

ఆయన భార్య అంత సంతోషపడలేదు. బల్ల ఆమె అల్మారాకు అడ్డం వచ్చింది. తనను మేమ్‌సాబ్ అనవద్దని, బౌదీ అనమని, అంటే వదిన అని పిలవమని ఆమె మొదటి రోజే మాకు చెప్పారు. ఇక వదిన హోదాలో మమ్మల్ని దులిపేశారు. ఏసుపాదం అల్మారా ముందు రెండడుగుల ముక్కను కోసి, బందులు బిగించి, పైకి లేచేలా చేశాడు. అలా ఆమె ఆ లైనుకు గేట్‌మన్ అయ్యారు.

స్టేషన్‌మాస్టర్ కూడా ఆమే. మా శాఖలో ఒక నియమం ఉంది. ఏ సిగ్నల్ పరికరం మీద చెయ్యి వేయాలన్నా ముందు డిస్‌కనెక్షన్ మెమో రాసి స్టేషన్‌మాస్టర్ సంతకం తీసుకోవాలి. సంతకం లేకుండా స్క్రూడ్రైవరు ఆనించకూడదు. నేను నియమం తప్పేవాణ్ని కాదు. ప్రతి శనివారం తెల్లకాగితం మీద మెమో రాసి బౌదీకి ఇచ్చేవాణ్ని. ఆమె సంతకం పెట్టేవారు. ఒకసారి మాత్రం, "పొయ్యి మీద ఇలీష్ చేప ఉంది, ఇప్పుడు కుదరదు" అని రాసి తిప్పి పంపారు. ఆ మెమో నా దగ్గర చాలాకాలం ఉండేది.

వైరింగు నాది. లైనును నాలుగు సెక్షన్లు చేశాను. సెక్షనుకీ సెక్షనుకీ మధ్య పట్టాలు కోసి, కరెంటు దాటకుండా ఇన్సులేషన్ జాయింటు పెట్టాను. ఒక్కో సెక్షన్‌కి రెండు తీగలు, ఎరుపు, నలుపు. ప్రతి తీగకూ రెండు చివర్లా నంబరు చీటీ. ప్రతి టంకం లాగి చూసినదే. అసలు లైను మీద ఎలా చేస్తామో అలాగే చేశాను.

ఇక్కడ అసలు లైను సంగతి కొంచెం చెప్పాలి. పెద్ద రైలు పట్టాల్లో కూడా మేం కొద్దిపాటి కరెంటు పెడతాం. బండిని నడపడానికి కాదు, ఆ ముక్క మీద బండి ఉందో లేదో తెలుసుకోవడానికి. దాన్ని ట్రాక్ సర్క్యూట్ అంటారు. రెండు ముక్కల మధ్య జాయింటు పాడైతే ఒకదాని కరెంటు రెండోదానిలోకి చొరబడి, బండి ఉన్నా లేదని చూపించే ప్రమాదం ఉంది. అది జరగకుండా పక్కపక్క ముక్కలకు ప్లస్సు మైనస్సు తిప్పి ఇస్తాం. మొదటిదానిలో ఎడమ పట్టా ప్లస్సయితే రెండోదానిలో మైనస్సు. అప్పుడు చొరబడిన కరెంటు ఎదురు తిరిగి, దీపం ఎరుపులోనే ఆగుతుంది. దాన్ని పోలారిటీ స్టాగరింగ్ అంటారు. ట్రైనింగులో మొదటి వారం నేర్పుతారు. తర్వాత బుర్రకు పని ఉండదు, చెయ్యే చేసుకుపోతుంది.

డయాగ్రం నేను గీశాను. భాదురీ సాబ్ ఎర్ర పెన్సిలుతో ఒక్కో గీతా తనిఖీ చేసి, ప్రతి అంశం పక్కనా టిక్కు పెట్టి సంతకం చేశారు. నేను మీటరు పెట్టి ఒక్కో సెక్షనూ కొలిచి, ఈ పనికని కొన్న రిజిస్టరులో రాశాను. ఒకటి, పన్నెండు వోల్టులు. రెండు, పన్నెండు. మూడు, పన్నెండు. నాలుగు, పన్నెండు.

బండి మాత్రం నడిపి చూడలేదు. కొత్త యంత్రాన్ని విశ్వకర్మ పూజ కాకుండా మొదలుపెట్టకూడదని బౌదీ నియమం. ఇంజను డబ్బాలోనే ఉండిపోయింది. ఇతరుల విశ్వాసం విషయంలో నేను అడ్డు చెప్పను. పైగా నా రిజిస్టరు మీద నాకు అంతకంటే గట్టి విశ్వాసం ఉండేది.

పూజ గురువారం వచ్చింది. ఇద్దరం సెలవు పెట్టి ఉదయమే వెళ్లాం. ముందుగది నిండా చుట్టాలు. పూజారి ఇంజనుకు సింధూరం బొట్టు పెట్టి, హారతి ఇచ్చి లేచాడు. అందాకా మేమిద్దరం వరండాలో నిలబడి, పిలిచాక లోపలికి వచ్చాం. శోము బాబు ఇంజనును పట్టాల మీద పెట్టాడు. భాదురీ సాబ్ నాబ్ తిప్పారు.

బండి కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. మూడడుగులు హుందాగా నడిచి, మొదటి జాయింటు మీదకు వెళ్లి, టక్‌మని ఆగింది. పవర్ డబ్బాలో సేఫ్టీ స్విచ్చి ఎగిరింది.

స్విచ్చి మళ్లీ నొక్కాం. మళ్లీ టక్. భాదురీ సాబ్ వేలితో ఇంజనును జాయింటు అవతలికి తోసి స్విచ్చి నొక్కారు. అక్కడ అది ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, వెనక్కి బయలుదేరి వచ్చి, అదే జాయింటు మీద కూర్చుంది. ఇంకొంచెం దూరం తోశారు. ఇంకొంచెం దూరం నుంచి వెనక్కి వచ్చి కూర్చుంది.

"పథ్ అవరోధ్ చేస్తోంది," అన్నారు బౌదీ. అంటే రాస్తా రోకో. "కోల్‌కతా నీళ్లు ఒంటబట్టాయి. డిమాండ్లు ఏమిటో కనుక్కోండి."

గది గొల్లుమంది. భాదురీ సాబ్ నవ్వలేదు. నా వైపు తిరిగి, వైరింగు తప్పని అన్నారు. నేను రిజిస్టరు తెరిచి, వైరింగు సరిగ్గా ఉందని, డయాగ్రం మీద ఆయన సంతకంతో సహా ఉందని చెప్పాను. ఇంటర్వ్యూకి నెల కూడా లేదు. నలుగురిలో నా చేతిపని తప్పని తేలితే బోర్డు ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

అందుకని మొదట కరెంటు మీద నెపం పెట్టాను, వోల్టేజీ పడిపోయి ఉంటుందని. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. తర్వాత సింధూరం మీద పెట్టాను, పొడి పట్టాల మీద పడి ఉంటుందని. పూజారి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. సింధూరం మీద అనుమానం రావడానికి నాకు విద్యుత్తు ఒక్కటే కారణం కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. మూడోసారి ఇంజనులోనే లోపం ఉందన్నాను. శోము బాబు మొహం నల్లబడింది. జర్మనీ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు మరి.

దారిలో దేవదూత కత్తి దూసి నిలబడితే ముందుకు కదలని గాడిద కథ మా సండే స్కూల్లో పిల్లలందరికీ వచ్చు. దాని మీద కూర్చున్న ప్రవక్త దూతను చూడలేక గాడిదను మూడుసార్లు కొడతాడు. ఆ కథ నేను ఎన్నో ఏళ్లు చెప్పాను. ఆ గదిలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఏసుపాదం గోడ పక్కన లూచీలు, అంటే మైదా పూరీలు తింటున్నాడు. చెయ్యి తుడుచుకుని వచ్చి, బండిని రెండో సెక్షన్ మధ్యలో పెట్టి నాబ్ తిప్పాడు. వెనక్కి నడిచింది. మూడో దానిలో పెట్టాడు. ముందుకు నడిచింది. నాలుగో దానిలో మళ్లీ వెనక్కి. నా పక్కకు వచ్చి మెల్లగా తెలుగులో అన్నాడు.

"బాబూ, లైను మీద ఏసినట్టే ఏసీసినారు. స్టాగరింగు."

నిజమే. పెద్ద బండికి పట్టాలో ప్లస్సు ఎటుందో అక్కర్లేదు. బొమ్మ బండికి దిక్కే అది. ప్లస్సు తిరిగితే బండి తిరుగుతుంది. చక్రం రెండు ముక్కల మీదా ఒకేసారి ఆనితే ప్లస్సూ మైనస్సూ కలిసి స్విచ్చి ఎగురుతుంది. ఏ సెక్షనుకు ఆ సెక్షను నిర్దోషే. లోపమంతా రెండు కలిసే చోట ఉంది. అది నేను నేర్చుకున్న విద్యతో, శ్రద్ధగా, టంకం వేసి మరీ పెట్టిన లోపం.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"సెప్పీ."

"వీళ్లందరి ముందా? బోర్డులో ఆయన..."

అప్పుడతను నన్ను బాబూ అనలేదు. "దేవదానం! ఆదివారం లేచి నిలబడి సాచ్చెం సెప్తావు గదా. ఇయాళ గురువారం. గురువారం సెప్తే దేవుడు ఇనడేటి?"

వారం మధ్యలో అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నేను శోము బాబుకు ఇంజను మంచిదేనని చెప్పాను. పూజారికి సింధూరం తప్పు లేదని చెప్పాను. భాదురీ సాబ్‌కు తప్పు నాదని, ఏం చేశానో, ఎందుకు చేశానో చెప్పి రిజిస్టరులో రాశాను. ఫెయిల్యూర్ కారణం: సిగ్నల్ ఇన్‌స్పెక్టర్ అలవాటు.

భాదురీ సాబ్ సొరుగులోంచి డయాగ్రం తీశారు. "పోలారిటీ స్టాగర్ చేయబడినది" అన్న వాక్యం పక్కన ఆయన ఎర్ర టిక్కు మిగతావాటి కంటే లావుగా ఉంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, నా వాక్యం కింద "డివిజనల్ సిగ్నల్ ఇంజనీరు అలవాటు కూడా" అని రాసి సంతకం పెట్టారు. బౌదీ ఆ పేజీ గట్టిగా చదివి వినిపించారు.

తీగలకు నంబరు చీటీలు ఉండటంతో సరిచేయడం పది నిమిషాల పని అయింది. నేను మెమో రాశాను, బౌదీ సంతకం పెట్టారు, రెండో సెక్షన్, నాలుగో సెక్షన్ తీగలు తిప్పి బిగించాం. బండి నాలుగు జాయింట్లూ దాటి చుట్టూ తిరిగి వచ్చింది. చప్పట్లు ఈసారి కొంచెం ఆలస్యంగా కొట్టారు.

అక్టోబరులో బోర్డు ముందు కూర్చున్నాను. భాదురీ సాబ్ మిగతా ఇద్దరితో, ఇతను తన ఇంట్లో పనిచేశాడు కనుక మార్కులు తాను వేయనని, రెండు ప్రశ్నలు మాత్రం అడుగుతానని చెప్పారు. పక్కపక్క ట్రాక్ సర్క్యూట్లకు పోలారిటీ ఎందుకు తిప్పి ఇస్తారు? చెప్పాను. ఎక్కడ తిప్పకూడదు? బండికి నడిచే కరెంటు ఆ రెండు పట్టాల నుంచే అందే చోట, అన్నాను. మన డివిజనులో అలాంటి లైనే లేదని రెండో సభ్యుడు అభ్యంతరం చెప్పాడు.

"ఉంది," అన్నారు భాదురీ సాబ్. "పాస్ చేసింది నేనే."

సెలక్షన్ జాబితాలో నా పేరు వచ్చింది. ఆ ఇద్దరి మార్కులతోనే వచ్చింది. ఏసుపాదం ఆ తర్వాత ఒక ఆదివారం గాడిద కథ మీద ప్రసంగించాడు. పేరు చెప్పలేదు గానీ, ప్రసంగం పొడవునా పాటల బృందం వెనక వరస వైపే చూశాడు.

నేర్చుకున్నది చిన్న విషయం. నియమం ఎందుకు పుట్టిందో మరిచిపోయిన చెయ్యి దాన్ని అక్కర్లేని చోట కూడా పాటిస్తుంది. భాగాలు విడివిడిగా సరిగ్గా ఉన్నాయని రాసిన రిజిస్టరు బండి నడుస్తుందని చెప్పదు. గ్రేడ్ వన్ అయ్యాక నా టెస్టు రిజిస్టరులో ఒక గడి అదనంగా గీయించాను: జాయింటు దాటించి చూశారా? ఆ గడి నిండకుండా రిటైరయ్యే దాకా దేని మీదా సంతకం పెట్టలేదు. దాన్ని నింపే పని ఏసుపాదానిది. నింపిన ప్రతిసారీ పెన్ను మూసే ముందు ఒకసారి నా మొహం చూసేవాడు.