జనగామ రోడ్డు మీద తీర్చుకున్న పగ

పాత కంపెనీలో నాతో పనిచేసిన స్నేహితురాలు మొన్న ఫోన్ చేసి, మా అప్పటి మేనేజరుకు సన్మానం జరుగుతోందని, వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పమని అడిగింది. రానన్నాను. ఇన్నేళ్ళయినా మరచిపోలేదా అని ఆశ్చర్యపోయింది. మరచిపోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో, హైదరాబాదులో వ్యాపారులకు సలహాలిచ్చే ఆ కంపెనీలో నేను కన్సల్టెంటుని. జనగామలో బట్టల దుకాణం నడిపే మా నాయిన, తన బిడ్డ అంత పెద్ద ఉద్యోగం చేస్తున్నదని దుకాణానికొచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పుకునేవాడు. మహబూబాబాదు మిర్చి వ్యాపారులు కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకుని మా సలహా కోరినప్పుడు, అక్కడే వ్యాపారం చేసే మా మేనమామ ఇంట్లో దిగి, ఎండల్లో గంగారం దాకా తిరిగి, రైతులతో మాట్లాడి, నివేదిక మొత్తం నేనే తయారుచేశాను. పెట్టుబడి పెట్టేవాళ్ళకు దాన్ని వివరించి మెప్పిస్తే ప్రమోషన్ నాదేనని మేనేజరే అన్నాడు.

తీరా ఆ రోజు నేను లేచి మా యాసలో రెండు వాక్యాలు చెప్పానో లేదో, కోస్తా నుంచి వచ్చిన ఆ మేనేజరే నవ్వుతూ అడ్డొచ్చాడు.

"ఏమీ అనుకోకండి, ఈ అమ్మాయి మాటలకు నేను సబ్‌టైటిల్స్ వేస్తాను."

గదంతా గొల్లుమంది. మిగిలినదంతా తనే చెప్పాడు, ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. నేను ఏడవలేదు గాని, నవ్విన ఒక్కొక్క ముఖాన్నీ గుర్తుపెట్టుకున్నాను.

రాజీనామా చేసి, మా దుకాణం మీది గదిలో సొంత బోర్డు పెట్టాను. కోల్డ్ స్టోరేజీ రెండో దశ పనికి ఎవరి పథకం వాళ్ళు వచ్చి వివరించమని మిర్చి వ్యాపారులు నన్నూ, ఆ మేనేజరునూ పిలిచారు. నా వంతు ముందురోజే అయిపోయింది. ఆయన తన వంతుకు కారులో బయలుదేరి, జనగామలో రాస్తారోకోలో చిక్కుకున్నాడు. ఉద్యమంలో ఉన్న మావాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గత్యంతరం లేక నాకే ఫోన్ చేసి, మీవాళ్ళకు కాస్త చెప్పమ్మా అన్నాడు.

దిగి వెళ్ళాను. అక్కడ ముందు నిలబడ్డది మా పెదనాయిన కొడుకే. నేనొక్క మాటంటే కారు వదిలేవాడు. నేననలేదు.

"ఏంది చెల్లె, గీ సారు ఎవలు? ఏడికి పోతడట?" అన్నాడు మా అన్న.

"అదేనండీ, క్లయింట్ ప్రెజెంటేషన్ అండీ, చాలా అర్జెంటండీ..." మేనేజరు తడబడ్డాడు.

"జర సమజయ్యేటట్టు చెప్పు సారూ."

"ఆగన్నా, సారు మాటకు నేను సబ్‌టైటిల్స్ ఏస్త," అన్నాను. "సారుకు మస్తు ఆకలైతున్నదట. కూసోబెట్టి అన్నం పెట్టుండ్రి."

రోడ్డంతా నవ్వింది. ఆయన మాత్రం నా వంక చూసి, ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చి, తల దించుకున్నాడు. మావాళ్ళు ప్రేమగా విస్తరి వేసి కూర్చోబెట్టారు. పచ్చిపులుసన్నం ఆయనకెట్లా దిగిందో గాని, ఎదురుగా కూర్చుని నేను మారు వడ్డించుకుని తిన్నాను. దారి తెరిచి ఆయన మహబూబాబాదు చేరేసరికి వ్యాపారులు లేచి వెళ్ళిపోయారు. పని నాకే వచ్చింది.

ఇప్పుడు మా మాట వచ్చినవాళ్ళే కావాలని కంపెనీలు ఏరి తీసుకుంటున్నాయి. నా దగ్గర చేరిన భూపాలపల్లి, మహదేవపూర్ పిల్లలు సొంత యాసలోనే ధైర్యంగా నివేదికలు వివరిస్తారు, ఎవరూ నవ్వరు. సంతోషమే. కాని ఈ సంగతి చెబితే, అంత చిన్న మాటకు అంత కోపమా మేడం అంటారు. అది ఎంత పెద్ద మాటో తెలిసిన అన్న లేడు, మేనమామా లేడు. ఒకప్పుడు ఊరంతటికీ ఉన్న ఆ కోపాన్ని, ఇప్పుడు నేనొక్కదాన్నే చల్లారకుండా చూసుకుంటున్నాను.