నాలుగింటికి వచ్చే నంబరు

ఈ మధ్య మా చిక్కడపల్లిలో మిర్చి బజ్జీలకు కారం లేని మిరపకాయలు వాడుతున్నారు. ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక, ఆ చప్పటి బజ్జీలే తిని ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంటే, బొమ్మ ఆగిపోయి మధ్యలో చక్రం తిరగడం మొదలైంది. రిటైరైన మనిషికి ఒకే సాయంత్రం రెండు అన్యాయాలు ఎక్కువే. మన నెట్టు ఎవరో వాడుకుంటున్నారన్న అనుమానంతో రౌటర్ పేజీ తెరిచాను.

మన ఈడువాళ్ళ కోసం చెబుతున్నాను: బయటినుంచి మన నెట్టు తలుపు తట్టిన ప్రతివాడి నంబరూ, వచ్చిన వేళతో సహా, అందులో వరసగా ఉంటుంది. దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. నచ్చని నంబరును గుమ్మంలోనే ఆపే కాపలా పేరు ఫైర్‌వాల్. ఊరూ పేరూ లేని నంబర్లు ఎన్నో వచ్చి తట్టి, ఎవరూ తీయకపోయేసరికి పోయాయి. వాటి మీద నాకు కోపం లేదు. ఒక్క నంబరు మాత్రం ఆ రోజు మధ్యాహ్నం నాలుగింటికి లోపలికే వచ్చి, అరగంట కూర్చుని వెళ్ళింది. అశోక్‌నగర్ హాస్టళ్ళలో పరీక్షలకు చదివే పిల్లల మీద, పై వాటాలో కిరాయికుంటున్న బ్యాంకు ఉద్యోగి మీద, న్యాయంగా చెరి సగం అనుమానపడ్డాను.

ఈ గుణం నాన్న ఇచ్చింది. ఇదే వీధిలో, ఇప్పుడు ఈ మేడ లేచిన చోటే మా పెంకుటిల్లుండేది. ఎవరు తలుపు తట్టినా నాన్న పడక్కుర్చీలోంచి కదలకుండా “ఎవరు?” అనేవారు. “నేను” అన్న జవాబు చెల్లేది కాదు. లోకంలో అందరూ నేనేనని ఆయన వాదన. పేరు, ఎవరి తాలూకు, ఏం పని, మూడూ చెబితేనే గొళ్ళెం తీయాలి. పదేళ్ళకే నాకు ఆ ఉద్యోగం దొరికింది. ఒకసారి మేనత్త భర్త వానలో నిలబడి మూడుసార్లు “నేనురా” అన్నా నేను లొంగలేదు. తడిసిన ఆయన ముందు నాన్న నన్ను గట్టిగా కోప్పడి, ఆయన వెళ్ళగానే వీధి చివర బండి దగ్గర బజ్జీలు తినిపించారు. వాటిలో మాత్రం కారం ఉండేది.

ఈ చట్టం అక్కకు లేదు. నారాయణగూడ కాలేజీ నుంచి నడిచొచ్చి, తలుపు గొలుసు రెండుసార్లు గలగలలాడిస్తే చాలు, నాన్నే లేచి వెళ్ళి తలుపు తీసేవారు. రోజూ నాలుగింటి ప్రాంతంలో.

ఆ అక్క ఇప్పుడు అడిక్‌మెట్‌లో మూడో అంతస్తులో ఉంటోంది. లిఫ్టు లేదు, మోకాళ్ళు సహకరించవు, మా ఇంటికొచ్చి ఏడాది దాటింది. అందుకే మేనకోడలు మా గేటు మీద కెమెరా పెట్టించి, మా నెట్టులోంచే అక్క తన ఫోనులో చూసుకునే ఏర్పాటు చేసింది. గేటు, తాను నాటిన పారిజాతం, వీధిలో పోయేవాళ్ళు, ఇప్పుడు అక్కకు మా ఇల్లంటే అంతే. ఈ సంగతి నేను మరిచిపోలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందని తట్టలేదు, అంతే.

ఆ నంబరును ఆపేశాను. మర్నాడు నాలుగింటికి చివరి అంకె మార్చుకుని మళ్ళీ వచ్చింది. ఆపాను. మూడోనాడు ఇంకో అంకె. చొక్కా మార్చుకుని వస్తున్న దొంగను చూసినంత సంబరమైంది. ఆ అంకెలతో మొదలయ్యే నంబర్లన్నిటికీ ఒకేసారి తలుపు వేసి, నాన్న ఉంటే బజ్జీలు తినిపించేవారనుకున్నాను.

రోజూ నాకో మా ఆవిడకో ఫోన్ చేసే అక్క ఆ తర్వాత చేయలేదు. నేను ఫోన్ కంపెనీని అనుమానించాను.

వారానికి మేనకోడలు ఫోన్ చేసింది. “మామా, కెమెరా ఖరాబైందా ఏంది? అమ్మకు గేటు కనబడ్తలేదు. మొన్న కెమెరాల జూసి వాకిలి ఊడ్వలేదని అత్తను అన్నదట గద, గందుకే నువ్వు బంద్ పెట్టినవని పరేషాన్ అయితున్నది. అన్నం గూడ సరిగ్గ తింటలేదు.”

వాళ్ళ నెట్టు నంబరు అడిగాను. చెప్పింది. నేను తలుపు వేసిన వాటిలోదే. సీరియల్ అవగానే అక్క ఇంట్లో అన్ని స్విచ్చులూ తీసేస్తుంది, రౌటర్‌తో సహా; అదీ నాన్న నేర్పిందే. తెల్లారి మళ్ళీ వేస్తే కొత్త నంబరు వస్తుందట.

వెంటనే అడ్డు తీసేశాను. గొలుసు చప్పుడును బట్టి మనిషిని పోల్చుకున్న ఇంట్లో పుట్టి, నాలుగు గుంపుల అంకెలు చూసి తోబుట్టువును దొంగ అనుకునే రోజు వచ్చింది. తలుపులు గట్టిపడ్డాయి, చెవులే మందగించాయి. అక్కకు ఫోన్ చేసి, తప్పు నాది కాదు, రౌటర్‌దన్న ధోరణిలో చాలాసేపు వివరించాను. 

“కనబడుతున్నదిలే ఇప్పుడు,” అంది అక్క చివరికి. “గని తమ్ముడూ, నాయిన నన్ను ఒక్కనాడు గూడ ఎవరు అని అడగలే.”