ముప్పై రెండు మళ్ల నారు

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డి వైపుకు సైన్సు బస్సులో వచ్చేది. కామారెడ్డి స్టేషన్లో రైలు దిగి, చాయ తాగి, సామాను బస్సు పైన కట్టించుకుని, ఎల్లారెడ్డి ముసాఫిర్ బంగళాలో మకాం పెట్టేది. రెండు మూడు నెలలుండి, మా గురించి మాకే తెలియని సంగతులు బోలెడు కనిపెట్టి, మళ్లీ అదే బస్సెక్కి వెళ్లిపోయేది. మేం మాత్రం అది రాకముందు ఎట్లున్నామో వెళ్లాక కూడా అట్లాగే ఉండేవాళ్లం. పెద్ద చదువులు చదివిన ఇప్పటి పిల్లలకు ఈ మాట కష్టంగా తోచవచ్చు. కానీ ఆ సైన్సు పెట్టెలు మోసినవాణ్ని, దాని కలంలో సిరా పోసినవాణ్ని నేనే కాబట్టి, ఈ మాత్రం అనే హక్కు నాకుందనుకుంటాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. కామారెడ్డి బజారులో మా బాపుకు బట్టల దుకాణం ఉండేది. ఉర్దూ మిడిల్ పాసయ్యాను, చేతిరాత ముత్యాల్లా ఉండేది, ఇంకే విద్యా లేదు. అందుకని సర్కారు వారు నన్ను శాస్త్ర పరిశోధనలో ముహర్రిరుగా, అంటే రాతగాడిగా, పెట్టుకున్నారు. అదీ తాత్కాలికంగానే (రేపటి నుంచి రావద్దంటే మానెయ్యాలన్నమాట). "ముస్తకిల్ అయ్యేదాక నోరు తెరవకురా," అని మా బాపు రోజూ హితబోధ చేసేవాడు. కొలువు ముస్తకిల్ అయితే, అంటే ఖాయమైతే తప్ప పిల్లనిచ్చేది లేదని మా మేనమామ కబురు పెట్టి ఉన్నాడు. కాబట్టి నేను నోరు తెరవకుండా ఉండటంలో గొప్ప సాధన చేశాను.

మా అధికారిని వెనకాల మేం సీసాల సాబు అనేవాళ్లం. ఆయన ఎక్కడికి వెళ్లినా ఖాళీ సీసాల పెట్టె ఒకటి వెంట ఉండేది. ఇంజనీరింగు, రసాయనం, ఆరోగ్యం, ఈ మూడు శాస్త్రాలనూ ఒకే కోటు జేబులో పెట్టుకు తిరిగిన మహానుభావుడు. ఆయన పరిశోధించడానికి వచ్చింది నారి కురుపును. మెట్ల బావిలోకి కాళ్లతో దిగి నీళ్లు ముంచుకుంటే, ఆ నీళ్లలోని పురుగు కడుపులో చేరి, ఏడాది తిరిగేసరికి కాల్లోంచి తెల్లటి దారంలా బయటికి వస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్త లాగాలి. తెగిందంటే కాలు వాచి మంచం పట్టాల్సిందే. బావి మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిరక పెడితే ఈ పీడ వదులుతుందని మా వైపు ముసలమ్మలందరికీ తెలుసు. కానీ ముసలమ్మలు చెబితే అది శాస్త్రం కాదు కదా, ఫారంలోకి ఎక్కాలి. అందుకని నాగిరెడ్డిపేట దగ్గర ఒక ఊరిని ఎంచుకున్నారు. ఆ ఏడాదికి ఆ ఊరికి మంజూరైంది ఒకే ఒక్క గిరక బావి. మొదటి లెక్కలో ఎవరి వైపు జబ్బు ఎక్కువని తేలితే వాళ్ల బావికే ఆ భాగ్యం.

ఫారం ఉర్దూలో అచ్చయింది. ఉర్దూలో ఈ జబ్బు పేరు నారూ. "మీ ఇంట్లో నారూ ఎంతున్నది?" అన్నది ప్రశ్న, ఎదురుగా అంకె వేయడానికి ఒక గడి. అంకె తప్ప ఇంకొక్క ముక్క రాయడానికి చోటు లేదు. మొదటి ఇంటి ముందు నిలబడి నేను నా తెలివి కొద్దీ, "అన్నా, మీ ఇంట్ల ఎవలకన్న నారి కురుపు ఉన్నదా?" అని అడగబోయాను. సాబు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నారూ అని ఉన్నది గద, కురుపు ఎక్కడికెల్లి వచ్చింది?"

"సాబ్, మా దిక్కు ఉట్టిగ నారు అంటే వరి నారు. మడిల పోస్తరు గద, అది."

"నువ్వు సైన్స్ చదివినవా?"

"లేదు సాబ్."

"అయితే ఒక్క హర్ఫు, ఒక్క అక్షరం బదలాయించొద్దు. అందరికీ ఒకటే ప్రశ్న. గదే సైన్స్."

ఆషాఢ మాసం. పోచారం చెరువు కింద ఊరూరా నారుమళ్లు పచ్చగా లేచి ఉన్నాయి. అటువంటి రోజుల్లో నేను కాగితాలు పట్టుకుని, ఇంటింటికీ తిరిగి, "మీ ఇంట్ల నారు ఎంతున్నది?" అని అడగడం మొదలుపెట్టాను. ఊరికి పెద్ద అయిన పటేలు తన ఇంటి అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నా ప్రశ్న వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ముప్పై రెండు మడ్లు పోసిన. మొలక జూస్తె కడుపు నిండుతది. ఏంది, సర్కారుకు గావాల్నా?"

ముప్పై రెండు అని రాసుకున్నాను. పక్కింటాయనకు ఏడు. వాళ్ల తమ్ముడికి నాలుగు ("కప్పలు దొక్కకపోతే అయిదుండు," అని ఆయన బాధపడ్డాడు కానీ కప్పలకు గడి లేదు). సాబు పక్కనే నిలబడి, అంకె ఒక్కటే చెవిన వేసుకుని, పటేలు ఒక్కడి ఒంట్లో ముప్పై రెండు పురుగులున్నా ఇంత కులాసాగా చుట్ట కాలుస్తున్నాడే అని ఆశ్చర్యపోతూ, ఆయన ఓర్పును ఇంగ్లీషులో తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

ఊరి చివర కూలి చేసుకు బతికేవాళ్ల వాడ ఉంది. అక్కడికి వెళ్లేసరికి సాబు అలవాటు ప్రకారం సీసాల పెట్టెతో బావి వైపు నడిచాడు. మొదటి గుడిసె ముందు ఒక అవ్వ కూర్చుని ఉంది. ఎడమ కాలు రాయి మీద చాపుకుని, మడమ పైన పుండులోంచి వస్తున్న పురుగును చీపురుపుల్లకు చుడుతోంది. నేను చూశాను. చూసి కూడా, సైన్సు నిబంధన ప్రకారం, "అవ్వా, మీ ఇంట్ల నారు ఎంతున్నది?" అన్నాను.

అవ్వ పుల్ల మీద నుంచి చూపు మరల్చకుండానే నవ్వింది. "నారు మాకేడిదిరా కొడుకా? భూమి ఉన్నోళ్లకుంటది నారు. మేం మందికి నాటెటోళ్లం. ఈ యేడు గది గూడ లేదు, కాలు జూడు. నాట్లు మొదలైతున్నయి, నేనేమో గీడ కూసున్న."

ఉర్దూలో సున్నా అంటే చిన్న చుక్క. గడిలో చుక్క పెట్టాను.

"సర్కారోళ్లు బాయి మెట్లు మూపిచ్చి గిరకేస్తరట గద?" అంది అవ్వ. "మా బాయికి ఏపియ్యి బిడ్డా. ఇంటింటికి ఇద్దరు ముగ్గురు గిట్లనే పడ్డరు."

"చూద్దాం అవ్వా," అన్నాను, మూడు శాస్త్రాలూ నా చేతిలోనే ఉన్నట్టు. అని, పక్క గుడిసెలో కూడా చుక్క పెట్టాను. ఆ పూట ఆ వాడ మొత్తానికి చుక్కలే పెట్టాను. ఈ ఒక్క పని తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

బంగళాకు చేరి లెక్క తేల్చాక సాబుకు పట్టలేని ఆనందం. నారూ అనేది ధనవంతుల జబ్బని ఆయన కనిపెట్టాడు. భూమి ఎంతుంటే జబ్బు అంత, భూమి లేనివాడికి జబ్బు సున్నా. కాగితం మీద గీత గీస్తే ఒక్క ఇల్లు కూడా గీత దాటలేదు (ఎందుకు దాటుతుంది, పొలం కొలతను బట్టే గదా నారు పోసుకునేది). ఇంత చక్కటి గీత ఏ దేశంలోనూ ఎవరికీ కుదరలేదన్నాడు. కారణం కూడా సాయంత్రానికల్లా దొరికింది. ధనవంతులు నెయ్యి తింటారు, నెయ్యికి పురుగు బలుస్తుంది. వాడ బావి నీళ్లు సీసాలో తేటగా కనిపించాయి గనుక, అందులో దోషం లేదని రసాయన శాస్త్రం కూడా తీర్పు చెప్పింది. నేను "సాబ్, ఆ వాడల ఒక అవ్వ కాలుకు..." అన్నాను.

"ఫారంలో ఉన్నదా?"

"లేదు సాబ్."

"మరి లేనిది నాకెందుకు చెప్తున్నవ్?"

నిజమే అనిపించింది. మా బాపు మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

తరువాత ఊళ్లోని బావులన్నిటిలో ఎర్ర మందు పోయించాడు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగి, గొడ్లు మూతి పెట్టకుండా నాలుగు రోజులు మమ్మల్ని తిట్టించాయి. నెలన్నర గడిచాక రెండో లెక్క తీయించాడు. అప్పటికి నాట్లన్నీ అయిపోయాయి. ఏ ఇంటికి వెళ్లినా, "నారా? ఇంకెక్కడి నారు? నాటేసినం," అన్నారు. పటేలుకు సున్నా, పక్కింటికి సున్నా, ఊరంతా సున్నా. తన మందు నెలన్నరలో ఒక ఊరినే బాగుచేసిందని సాబు నన్ను కావలించుకున్నాడు. ఏడాది కడుపులో పెరిగే పురుగు ఆరు వారాల్లో ఎట్లా పోయిందని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. నేను చేసింది ఒకటే. ఆ లెక్కకు సాబు రాలేదు గనుక, వాడలో మాత్రం ఇంటింటా నారి కురుపనే అడిగి, తలలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా నలభై మంది. ఫారంలో మాత్రం చుక్కలే.

రిపోర్టు నా ముత్యాల రాతలో తయారైంది. దానికి ఒక ఫోటో జతపరిస్తే బాగుంటుందని సాబుకు తోచింది. ముప్పై రెండు పురుగుల నుంచి బయటపడిన మనిషి కాళ్ల ఫోటో అయితే మరీ బాగుంటుంది. మూడు కాళ్ల కెమెరా నా భుజాన వేయించి పటేలు ఇంటికి బయల్దేరదీశాడు.

"పటేల్ సాబ్, మీ ముప్పై రెండు నారూల నిశాన్లు, గుర్తులు చూపిస్తరా? ఫోటో తియ్యాలె."

పటేలుకు కడుపు నిండిపోయింది. "అయ్యో, రాండ్రి సాబ్, నడుండ్రి. దేవుని దయ, ఒక్కటి గూడ పాడుగాలే," అంటూ కండువా వేసుకుని ముందు నడిచాడు. ఇంట్లో ఆడవాళ్లున్నారు గనుక మరుగుకు తీసుకుపోతున్నాడని సాబు అనుకున్నాడు. మెట్ట చెలక దాటి, ఒర్రె నీళ్లు దాటి, బురద గట్ల మీద బూట్లతో జారుకుంటూ నడిచాం. చివరికి పటేలు ఆగి, చెయ్యి చాచి, "అగో, గా గట్టుకెల్లి ఈ గట్టు దాక. ముప్పై రెండు మడ్ల నారు, అంత గీడనే నాటిన. జూడుండ్రి ఎట్ల పిలకలేసిందో!" అన్నాడు.

సాబు పొలం వైపు చూశాడు. పటేలు కాళ్ల వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "యే క్యా హై?" అన్నాడు.

"నారు, సాబ్."

ఆయన మొహంలో మూడు శాస్త్రాలూ ఒకదాని వెనక ఒకటి దిగిపోవడం నేను చూశాను. "నన్ను గూడ నిలబడమంటరా?" అని పటేలు అడిగాడు. కాదనలేక సాబు ఫోటో తీశాడు. వరి పొలంలో నడుం మీద చెయ్యి పెట్టుకున్న పటేలు, రోగమన్నది ఎరగని మనిషి, చాలా బాగా పడ్డాడని తర్వాత తెలిసింది.

తిరుగుదారిలో నేను సాబును వాడ మీదుగా తీసుకెళ్లాను. అవ్వకు ఈసారి కుడికాలికి కూడా లేచింది. అదే రాయి, అటువంటిదే పుల్ల. "సాబ్, నారూ అంటే ఇదీ," అన్నాను. నా నోటి నుంచి మాట రావడం నాకే వింతగా వినిపించింది.

సాబు వంగి చూశాడు. పురుగు పుల్ల చుట్టూ తిరిగింది. ముప్పై పేజీల రిపోర్టు రాసిన మనిషి ఆ పురుగును చూడటం అదే మొదలు. చెమటలు పట్టి, కళ్లు తిరిగి, అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

"ఏంది కొడుకా, సాబుకు పానం బాగలేదా?" అని అవ్వ కంగారు పడింది. లేవలేక, చేతికందిన ముంతతో కుండలోంచి నీళ్లు ముంచి చాచింది. "జరంత నీళ్లు దాగు నాయనా."

సాబు ముంతను చూసి వెనక్కి జరిగాడు. "వద్దు వద్దు," అన్నాడు.

"మంచి నీళ్లే సాబు. గీ బాయియే. మేం దాగుతలేమా?" అంది అవ్వ.

ఆయన లేచి, బావి వైపు చూడకుండా ఎల్లారెడ్డి దారి పట్టాడు.

మరునాడు పొద్దున్నే రిపోర్టు కామారెడ్డి బస్సులో వెళ్లాలి. ఉన్నదున్నట్టు దిద్దాలంటే గీత పోతుంది, నెయ్యి పోతుంది, ఎర్ర మందు మహత్తు పోతుంది, సాబు కూడా పోతాడు. ఆయన కాగితాల కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు హారన్ వినిపించింది. నేను రెండు చేతులూ కట్టుకుని, "సాబ్, అంత మార్చుడు అవసరం లేదు. మొదటి లెక్కల వాడ మొత్తానికి ఒక్కటే వరుస, దాంట్ల ఒక చుక్క ఉన్నది. దాని ముంగట ఒక నాలుగు పడితే సాలు," అన్నాను.

ఆయన "నేను సీసాలు సర్దుకోవాలె," అని లేచి బయటికి వెళ్లి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. నేను కలం తీసి నాలుగు వేశాను.

నగరంలో ఆ ముప్పై పేజీలూ ఎవరు చదివారో తెలియదు. ఊరి ఇళ్ల అంకెలు కూడే ఓపిక లేక, అన్నిటికంటే పెద్ద అంకె ఏ వరుసలో ఉందో మాత్రం చూశారు. పటేలుకు ముప్పై రెండు, వాడకు నలభై. ఎండాకాలంలో వాడ బావి మెట్లు మూసి, గోడ లేపి, గిరక బిగించారు. అవ్వ ఆ ఏడాది నాట్లకు పోనేలేదు, పస్తులు కూడా ఉందట. అది నా చుక్కల వల్ల కాకపోయినా, ఆ చుక్కలు పెట్టిన చెయ్యి నాదే. ఆ తర్వాతి ఏడు నుంచి ఆ వాడలో కురుపులు తగ్గాయి. సాబుకు పెద్ద హోదా వచ్చింది. నా కొలువు ముస్తకిల్ అయింది (నన్ను బయట వదిలి తిరగనివ్వడం ఆయనకు క్షేమం కాదు మరి). మేనమామ పిల్లనిచ్చాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు సర్కారు కాగితాలు రాశాను. శాస్త్రానికి నువ్వు చేసిన సేవ ఏమిటని ఎవరైనా అడిగితే, ఒక నాలుగు వేశానని చెబుతాను. ఆ రిపోర్టు మొత్తంలో దొంగతనంగా రాసింది ఆ ఒక్క అంకే, నిజమైనదీ ఆ ఒక్క అంకే. తొందరలో అది కాస్త వంకరగా పడింది. ఇరవై రెండేళ్ల ఆ ముత్యాల రాతగాడు ఎప్పుడైనా నాకు ఎదురుపడితే, ఆ నిజమేదో రెండు నెలల ముందే రాయవలసింది గదరా అని చెవి మెలిపెట్టాలని ఉంటుంది. వాడేమంటాడో కూడా నాకు తెలుసు. చేతులు కట్టుకుని, తల వంచుకుని, "ఇంక ముస్తకిల్ గాలేదు గద బాపూ," అంటాడు.