బావ నల్లకోటు, పురుగు తెల్లపూత

తెలంగాణ ఉద్యమం రోడ్ల మీద నడుస్తున్న ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు, ఉద్యోగం లేనిది నాకే. ఎమ్మెస్సీ జువాలజీ పాసై, రెండేళ్లుగా ఎల్బీనగర్‌లో అక్కాబావల ఇంట్లో తిని కూర్చుంటున్నాను. చివరికి ఒక సెంటరు డెమో క్లాసుకు పిలిచింది. ఇదీ పోతే నల్గొండ దగ్గర మా ఊరికి బస్సెక్కడమే. బావ ఎల్బీనగర్ కోర్టులో వకీలు. "సార్ లెక్క కనవడాలె" అంటూ తన నల్లకోటు నాకు తొడిగాడు. నాకున్న ఒక్క మంచి చొక్కాకు వీపున చిరుగు, కోటు కప్పేస్తుందని నేనూ సంబరపడ్డాను. (మే నెల. ఇద్దరం చదువుకున్నవాళ్లమే.)

ఆ రోజు బంద్. బస్సుల్లేక నడిచి బయల్దేరాను. కొత్తపేట దగ్గర రాస్తారోకోలో కూర్చున్నవాళ్లు కోటు చూసి జరిగి చోటిచ్చారు. "వకీల్ సాబ్, జర ముంగట కూసోండ్రి, పోలీసోళ్లు భయపడ్తరు." వకీలును కాదని చెప్పేలోపే ఎవరో తువాల పరిచారు. నాకు తెలంగాణా కావాలి, ఉద్యోగమూ కావాలి. గంటసేపు తారురోడ్డు మీద రెండింటికీ కలిపి చెమటోడ్చాను.

బంద్‌కు షట్టరు సగం దించి లోపల క్లాసులు నడుపుతున్న సెంటరు చేరేసరికి నిలువునా తడిసిపోయాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ప్రిన్సిపాల్ గడియారం చూసి, "పర్లేదండీ, మొదలెట్టండి" అన్నాడు. మొహం మాత్రం పర్లేదన్నట్టు లేదు. నా పాఠం, కీటకాలు ఎండను ఎలా తట్టుకుంటాయన్నది. "ఎడారిలో ఒక నల్లపురుగు ఉంటుంది. మిద్దెకు సున్నం కొట్టినట్టు, ఒంటి మీద తెల్లటి మైనం పూత తెచ్చుకుంటుంది. ఎండ దాని మీద పడి వెనక్కి మళ్లుతుంది" అని చెబుతున్నాను. ముక్కు మీది చెమట చాక్‌పీసును తడిపేసి బోర్డు మీద అక్షరం పడటం లేదు. మొదటి బెంచీ అమ్మాయి జాలిగా అడిగింది, "సార్, పూత లేని నల్లపురుగు ఏం చేస్తది?"

"చస్తదమ్మా" అన్నాను.

క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. కళ్లు తిరిగి కుర్చీలో కూలబడ్డాను. ప్రిన్సిపాల్ మంచినీళ్లిచ్చి "కబురు చేస్తామండీ" అన్నాడు. ఇంతవరకూ చేయలేదు.

సాయంత్రం దండెం మీద ఆరిన కోటు వీపు చూసి అక్క, "ఏందిరా గిది, సున్నం వూసినట్టున్నది" అంది. ఉప్పు. నాకూ తెల్లపూత వచ్చింది, పాఠం అయిపోయాక. బావ దులుపుకుని మర్నాడు కోర్టుకు వేసుకుపోయాడు. నేను ఊరి బస్సెక్కాను.

ఇప్పుడు మా మండలం స్కూల్లో అదే పాఠం చెబుతాను, తెల్లచొక్కాలో. పూత లేని పురుగు సంగతి ఎవరైనా అడుగుతారేమోనని ఏటా ఆ చోట కాసేపు ఆగుతాను. ఎవరూ అడగరు. జవాబు మాత్రం మార్చుకుని పెట్టుకున్నాను: "కోటు ఇప్పుతదమ్మా. చిరుగు కనవడితే కనవడనీ."