మడతపెట్టిన చాప్టర్

మా పీహెచ్‌డీ గైడ్ సార్‌కు రాపిడి అంటే గిట్టదు. రాపిడి మీద పరిశోధన చేయించే మనిషికి అంతకంటే గొప్ప అర్హత ఏం కావాలె?

నా పనేందో మెదక్ బజార్ల చెప్పుకుంటే నవ్వుతరు గానీ, చెప్త. రెండు పలకలు. రెండింటి మీద బ్రష్షు కుచ్చు లెక్క పాలిమర్ గొలుసులు నాటుకొని ఉంటయి. నడుమ ద్రవం. అందుల తడిసి గొలుసులు ఉబ్బితే పలకలు ఒకదానిమీద ఒకటి నూనె పోసినట్టు జారుతయి. ఇదంతా కంప్యూటర్ల, అణువు అణువుగా. బట్టను వేళ్ల నడుమ నలపంది ధర మాట్లాడని మనుషుల నడుమ, చీరల దుకాణంల పెరిగి, నేను తేలింది ముట్టుకోలేని సరుకు దగ్గర.

మొన్న ఎండాకాలం థీసిస్‌ల ఆఖరి చాప్టర్ మిగిలింది. రెండేండ్ల పనంతా అందులనే ఉంది. సార్ ఊ అనాలె. నేను మా దుకాణంల కూర్చొని, క్యాంపస్ కంప్యూటర్ల నడిచే లెక్కలను, మా భాషల రన్‌లను, ల్యాప్‌టాప్‌ల చూసుకుంటున్న. పలకలను గట్టిగ ఒత్తిన రన్‌లల్ల పై గొలుసులు కిందివాటిల దూరి చిక్కుపడ్డయి. రాపిడి పెరిగింది.

సార్ ఫోన్ చేసిండు. "అమ్మా, ఆ చిక్కుపడ్డ రన్స్ గార్బేజ్. తీసేయ్. కర్వ్ నీట్‌గా వస్తుంది."

"ఒత్తితే చిక్కుపడుతయి సార్. అసలు సంగతే అది."

"ఎగ్జామినర్లకు అసలు సంగతి ఎందుకమ్మా?"

అంచుకు మరకుంటే మడతల దాచి అమ్మేటోళ్లు మా లైన్ల గూడ ఉన్నరు. వాళ్లు కనీసం మరకను గార్బేజ్ అనరు.

మా దగ్గర ఒక పద్ధతుంది. గిరాకీ మరీ కిందికి అడిగితే మాట్లాడొద్దు. నిమ్మళంగ చీర మడతపెట్టుడు మొదలుపెట్టాలె. ఏడుపాయల దుర్గమ్మకు చీర పెట్టనీకి పోతూ నడుమల బస్సు దిగిన శంకరంపేట ఆమె అయినా గడప దాకా పోయి, మన ధరకే ఒప్పుకొని మళ్లొస్తది. నేనూ అదే చేసిన.

"అయితే సార్, చాప్టరే తీసేద్దాం."

"గుడ్. ఇంకా మంచిది. ఫార్మాటింగ్ చూసుకో." ఫోన్ పెట్టేసిండు.

గడప దాకా గూడ పోలేదాయన!

గల్లా దగ్గర కూర్చున్న నాయిన అంతా విన్నడు. "మడతపెట్టినవా?"

"పెట్టిన."

"ఆయనకు చీర కావాల్నా?"

"వద్దు."

"మరెందుకు పెట్టినవ్ బిడ్డా? ర్యాక్ సదురుతున్నవా?"

అక్కడ చీరలు చూస్తున్న ఒక శివ్వంపేట ఆమె గూడ నవ్వింది. ఆమెకేం అర్థమైందో!

మా బజార్ల గిరాకీ వెంట రోడ్డు మీదికి ఉరికేటోన్ని మనిషి లెక్క చూడరు. నేను ఉరికిన. మళ్ల ఫోన్ చేసిన.

"సార్, చాప్టర్ ఉండాలె. చిక్కుపడ్డయి గూడ ఉండాలె. చిక్కు ఏ ఒత్తిడి కాడ మొదలైతదో చెప్పకుంటే ఆ చాప్టర్ ఎందుకు?"

"ఇందాక నువ్వేగా తీసేద్దామన్నావు?"

"బేరమాడిన సార్."

"బేరమా? దేనికి?"

తనతోని బేరం నడుస్తున్నదని గూడ తెల్వని మనిషికి ఏం చెప్పాలె? "చిక్కుపడ్డయి ఉంచనీకి సార్," అన్న.

"సరేలే, అన్నీ పెట్టుకో. థీసిస్ ఎవరు చదువుతారమ్మా!"

గట్ల ఒప్పుకున్నడు. నా మాట నెగ్గి గాదు, ఆయనకు పట్టక. నేను అడిగిందంతా వచ్చింది, ఒక్క రన్ గూడ పోలేదు. ఇంత చులకనగ ఏ సరుకూ మా దుకాణం నుంచి బయటికి పోలేదు.

ఆ సాయంత్రమే గ్రాఫ్ గీసిన. చిక్కుపడ్డ రన్‌లకు ఎర్రరంగు వేసిన, పేజీ తిప్పేటోని కండ్లల్ల గుచ్చుకునేటట్టు.